కూర్మమాత స్మరణ – పిల్లతాబేటి పోషణ



ప్రసంగము ముగిసిన పిదప భక్తులు తమ సందేహములను చీటీలపై వ్రాసి యిచ్చుట మన సభలలో ఆచారము. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సభలలో మాకు చేరు చీటీలలో మోక్షమును గూర్చిన ప్రశ్నలతోపాటు సంసారమును గూర్చిన ప్రశ్నలును ఉండును. అట్టి ప్రశ్న నొకదానిని నేటి ప్రసంగమునకు విషయముగా స్వీకరించుచున్నాము. "మా యింట తొట్టిలో ఒక పెద్ద తాబేలు కలదు. పిల్లవాడు ముచ్చటపడి అంగడినుండి రూపాయి బిళ్ళంత తాబేటిపిల్లను తెచ్చినాడు. రెంటిని కలిపి యుంచవచ్చునా? దానికేమి పెట్టవలెను?" ఇదియే ఆ ప్రశ్న.

ఇది దేవాలయమున చెప్పుకొనదగిన మాటయా యని కొందరికి తోచవచ్చును. తప్పక చెప్పుకొనదగినదే. గృహస్థు నిత్యము చేయవలసిన పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞ మొకటి. తన చుట్టునున్న ప్రాణికోటికి ఇంత ఆహారము పెట్టి గాని తాను భుజింపరాదని దాని యర్థము. వీధిలోని కాకికి ముద్ద పెట్టుటయే యజ్ఞమైనప్పుడు, నోరులేని ప్రాణిని కొనితెచ్చి నాలుగు గోడల తొట్టిలో బంధించినవాని కర్తవ్యము మరి యెంతటిది? కాకి మన యింట దొరకకున్న పొరుగింటికి పోవును. తొట్టిలోని తాబేలు ఎచ్చటికి పోగలదు?

కూర్మమనగానే మనకు క్షీరసాగర మథనము స్మరణకు వచ్చును. భాగవతము అష్టమస్కంధమున ఆ కథను వినియున్నాము. మందరగిరి సముద్రమున క్రుంగిపోవుచుండగా శ్రీమహావిష్ణువు కూర్మరూపమున దానిని తన వీపున ధరించినాడు. అమృతమును పంచుకొన్నవారు పైనుండిరి. భారమును మోసినవాడు క్రిందనుండెను. పెద్దరికమనగా భారము వహించుటయే యని ఈ కథ వలన మనము గ్రహింపవలెను. గీతలోను స్థితప్రజ్ఞుని చెప్పు సందర్భమున, అవయవములను లోనికి ముడుచుకొను తాబేటినే భగవానుడు ఉపమానముగా గ్రహించినాడు.

ఇంకొక భావన గురుసంప్రదాయమున కలదు. గురువు శిష్యుని మూడు విధములుగా అనుగ్రహించునని పెద్దలు చెప్పుదురు. పక్షి తన గ్రుడ్లను స్పర్శచేతను, చేప చూపుచేతను, తాబేలు స్మరణచేతను పోషించునట్లు గురువు స్పర్శ, దృష్టి, ధ్యానములచే శిష్యుని పోషించునట. తల్లితాబేలు ఎక్కడో జలమున నుండి గట్టునగల తన గ్రుడ్లను తలచుచుండును, ఆ తలపే వానికి రక్ష యని భావము.

ఇప్పుడు ప్రకృతిని పరిశీలింతము. తల్లితాబేలు గట్టెక్కి, వెనుకకాళ్ళతో గుంటను త్రవ్వి, గ్రుడ్లు పెట్టి, మట్టి కప్పి వెడలిపోవును. పిల్లలు పొదుగబడి బయటికి వచ్చునాటికి తల్లి అచ్చట నుండదు. పాలిచ్చుట లేదు, నోటికి మేత అందించుట లేదు. అట్లయిన స్మరణచే పోషించుననుట అసత్యమా? కాదు. ఆ తల్లి చేసినదంతయు గ్రుడ్లు పెట్టకముందే చేసినది. వెచ్చదనము తగులు చోటును, నీరు ముంచని మట్టను, త్రవ్వుటకు వీలగు మట్టిని వెదకి వెదకి యేర్పరచినది. స్మరణయనగా ముందుగా తలచుట. ఆ ముందుచూపే పిల్లలను కాపాడును. తల్లినుండి వేరుచేసి పిల్లను కొనితెచ్చినవారు ఆ ముందుచూపును తామే వహింపవలెను. నేటి మా ప్రసంగమున సారాంశమిదే. తక్కినది దీని వివరణము.

ముందుచూపులో మొదటిది, ఇంట నున్నది ఏ తాబేలో తెలిసికొనుట. అన్ని తాబేళ్ళును ఒకటి కావు.

మన రాయలసీమ మెట్టభూములలో, చిట్టడవులలో నక్షత్ర తాబేలు కలదు. దాని చిప్పపై పసుపుపచ్చని గీతలు నక్షత్రముల వలె వ్యాపించి యుండును. ఇది నేలపై తిరుగునది, గడ్డియు ఆకులును తినునది. దీనికి ఈదుట రాదు. తాబేలన్నంతనే నీటిలో నుండవలెనని తలచి కొందరు దీనిని కోనేటిలోనో బావిలోనో విడుతురు. అది మునిగి మరణించును. పుణ్యమునకై చేసిన పని ప్రాణహింసగా పరిణమించుట ఇట్టి అజ్ఞానము వలననే.

రెండవది మన చెరువులలో, కుంటలలో నుండు నీటి తాబేలు. దాని క్రిందిభాగమున వెనుకకాళ్ళను కప్పు మడతల వంటి తోళ్ళు కలవు. చెరువు ఎండినప్పుడు బురదలో దాగి వానకై వేచియుండ గల ఓర్పు దానికి భగవంతు డిచ్చినాడు. ఏడాదిలో అధికభాగము ఇసుకమేటలతో కనబడు పెన్నా పరివాహక ప్రాంతమున ఇట్టి ప్రాణి బ్రతికియుండుటయే ఒక విశేషము.

ఈ రెండు జాతులకును 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము రక్షణ కల్పించినది. వీనిని పట్టుట, అమ్ముట, ఇంట పెంచుట నేరము. నక్షత్ర తాబేటి అక్రమ రవాణా మితిమీరుటచే, 2019లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ సమావేశమున దానిని వ్యాపారము నిషేధింపబడిన మొదటి అనుబంధమున చేర్చిరి. గొఱ్ఱెలకాపరికి దొరికినదని, వాస్తుకు మంచిదని ఎవరైన ఇచ్చినను స్వీకరింపరాదు. తాబేలు ఇంట చొరరాదని పూర్వులు తలచిరి. తాబేలున్న ఇంట సిరి నిలుచునని నేటివారు తలచుచున్నారు. ఈ రెండు తలపులలోను తాబేటి క్షేమమును గూర్చిన తలపు లేదు. అట్టి తాబేలు ఇంట నున్నవారు దానిని తిరిగి కొండలో తామే విడువక, సమీపమున గల అటవీశాఖ కార్యాలయమున అప్పగింపవలెను.

మూడవది అంగళ్ళలో గాజుతొట్లయందు అమ్ముచున్న ఎర్రచెవుల తాబేలు. దాని కంటివెనుక ఎర్రని చార కనబడును. దాని జన్మస్థానము అమెరికాలోని మిసిసిపీ నదీప్రాంతము. చీటీలో చెప్పబడిన రూపాయి బిళ్ళంత పిల్ల సామాన్యముగా ఇదియే. కొన్ననాడు అంగుళము, అంగుళమున్నర యుండు ఈ పిల్ల పెరిగి భోజనపళ్ళెమంత కాగలదు. 20 ఏండ్లకు పైగా జీవింపగలదు. నేడు పిల్లవాడు కోరినదని తెచ్చినచో, ఆ పిల్లవాడు చదువు ముగించి ఉద్యోగమునకు పోయిన తరువాతను తల్లిదండ్రులు దాని తొట్టిని కడుగుచుండవలెను. కొనకముందే తలపవలసిన మాట యిది. విదేశీజాతులలో కొన్నిటిని పెంచువారు నమోదు చేసికొనవలెనను నియమములును 2024లో వచ్చినవి. కావున అటవీశాఖవారిని అడిగి తెలిసికొనుట మేలు.

ఇక పెద్దదానితో పిల్లను కలిపి యుంచవచ్చునా యను ప్రశ్నకు వత్తము. కలుపరాదు. పెద్దతాబేలు దుష్టమైనది కాదు. నీటిలో కదలునది ఏదైనను మేతయని పట్టుకొనుట దాని స్వభావము. పిల్లతాబేటి తోకయు, కాలివ్రేళ్ళును దానికి కదలు పురుగుల వలె కనబడును. ఒక్కమారు నోట పట్టిన చాలును, పిల్ల అంగవిహీనమగును. కరువకున్నను కష్టమే. మేత వేసినంతనే పెద్దది అంతయు మ్రింగును. ఎండకాగుటకై ఉంచిన యిటుకను పెద్దదే ఆక్రమించును. పిల్ల ఎప్పటికిని నీటినుండి పైకి రాలేక, చిప్ప ఆరక, మెల్లగా జబ్బుపడును. భయముచే కొన్ని పిల్లలు మేత ముట్టుటయే మానును. చూచువారికి రెండును ఒకేచోట అన్యోన్యముగా నున్నట్లు తోచును. ఆ నిశ్శబ్దము స్నేహము వలన కలిగినది కాదు, భయము వలన కలిగినది.

మన యన్నదాన పంక్తిలో పెద్దలును పిల్లలును కూర్చుందురు. వడ్డించువాడు అందరికిని ఒకే గరిటె వేసి పోవునా? పిల్లవాని విస్తరి యొద్ద వంగి, అన్నము మెత్తగా కలిపి, కారము తగ్గించి పెట్టును. అది పక్షపాతము కాదు, వడ్డించువాని ధర్మము. పెద్దతాబేటికి ఈ వివేకము లేదు. ఉండవలెనని కోరుట తగదు. వివేకము తొట్టిని ఏర్పరచిన మానవునికి ఉండవలెను.

కావున పిల్లకు వేరు తొట్టి కావలెను. క్రొత్తగా తెచ్చినదానికి రోగమేదైన నున్న యెడల పెద్దదానికి సోకకుండుటకును ఇది అవసరము. పిల్ల పెరిగి పరిమాణమున పెద్దదానికి దగ్గరగా వచ్చువరకు వేరుగానే యుంచవలెను. ఆ తరువాత కలిపినను, తొట్టి విశాలముగా నుండి, మన కన్నెదుట కొన్నాళ్ళు పరీక్షించి గాని వదలరాదు. ఒకటి మరొకదానిని కరచినచో శాశ్వతముగా వేరుచేయవలెను. ఒక యింట రెండు తొట్లు నడుపు శక్తి లేనివారు రెండవ తాబేటిని తేకుండుటయే దయ.

మేతను గూర్చి చెప్పుదుము. ఎర్రచెవుల తాబేటి పిల్లలు బాల్యమున ఎక్కువగా పురుగులను, చిరుచేపలను తినును. పెరిగినకొలది ఆకులపై మొగ్గు చూపును. కావున ఇద్దరికి ఒకే మేత తగదు. పిల్లకు దినమున కొకమారు, దాని తలకాయంత పరిమాణము మేత చాలును. తాబేళ్ళకై తయారైన గుళికల మేత, వానపాములు, చిన్న రొయ్యలు దానికి తగినవి. పెద్దదానికి అట్టి బలమైన మేత రెండుమూడు దినముల కొకమారు పెట్టి, తక్కిన దినములలో మునగాకు, మందారాకు, నీటిమొక్కలు, గుమ్మడిముక్కలు ఈయవలెను. పాలకూర ఎక్కువగా పెట్టరాదు. అందులోని ద్రవ్యము సున్నమును శరీరమునకు పట్టనీయదు. ఈ నీటి తాబేళ్ళు నీటిలోనే మ్రింగగలవు గనుక మేత నీటిలో వేయవలెను. పావుగంటలో తినగా మిగిలినదానిని తీసివేయవలెను. లేకున్న నీరు చెడును.

మన వైపు భక్తులు కోనేటి ప్రాణులకు బొరుగులు చల్లుట వాడుక. ఇంటి తాబేటికి పెరుగన్నము, రొట్టె, పాలు పెట్టువారును కలరు. ఇవి కడుపు నింపునే గాని చిప్పను కట్టవు. పిల్లతాబేటికి చిప్ప గట్టిపడుటకు సున్నము కావలెను. పచారి కొట్లలో, మూలికల అంగళ్ళలో దొరకు సముద్రపు నురుగు బిళ్ళ నొకదానిని తొట్టిలో వేసినచో అది కొరికి తినును.

ఇచ్చట ఒక ధర్మసంకటము కలదు. మన మూడు పట్టణములలోను శాకాహార నియమము గల గృహములు అనేకము. వారు, "మేము ముట్టని వస్తువును దానికెట్లు పెట్టుదుము? ఆకులతోనే పెంచెదము" అందురు. తమ నియమమును తాము పాటించుట వారికి శోభ. అయితే ఆ నియమమును పిల్లతాబేటిపై రుద్దినచో అది చిప్ప మెత్తబడి, ఎదుగుదల లేక కృశించును. పులికి గడ్డి పెట్టుట అహింస కాదు, ఆవునకు మాంసము పెట్టుట దయ కాదు. ప్రతి ప్రాణికిని దాని ధర్మ మొకటి ఈశ్వరుడు నియమించినాడు. ఆ ధర్మమును నెరవేర్చుటకు మన యింట వీలులేనప్పుడు ఆ ప్రాణిని తేకుండవలెను. ఇప్పటికే తెచ్చియున్నవారు కనీసము గుళికల మేతనైనను పెట్టవలెను. అందులోను చేపపొడి యుండునని తెలిసియే పెట్టవలెను. అదియును చేయలేనివారు పోషింపగలవారికి అప్పగించుట ఉత్తమము.

మేత తరువాత ఎండ. సూర్యరశ్మి తగిలిన గాని తిన్న సున్నము ఎముకకు పట్టదు. గాజు అద్దము గుండా వచ్చు ఎండలో ఆ శక్తి యుండదు. కావున ఉదయపుటెండ నేరుగా తగులునట్లు ఏర్పాటు చేయవలెను. పిల్ల సులభముగా ఎక్కగల యిటుక నొకదానిని వాలుగా పెట్టవలెను. ఎండవలన మేలున్నదని మన కడప జిల్లా వేసవిలో తొట్టిని మిద్దెపై ఆరుబయట వదలరాదు. చైత్ర వైశాఖములలో ఎండ 40 డిగ్రీలు దాటు ప్రాంతము మనది. చిన్నతొట్టిలోని కొద్దిపాటి నీరు గడియలలో కాగిపోవును, పిల్ల అందులో ఉడికిపోవును. తొట్టిలో సగము నీడ ఎల్లప్పుడు ఉండవలెను. నీటిలోతు కనీసము పిల్ల చిప్ప వెడల్పునకు మించి యుండవలెను. లేకున్న వెల్లకిల పడినప్పుడు అది తిరిగి లేవలేదు. కొళాయినీటిలో మందు కలిపియుందురు గనుక బకెట్టులో ఒక దినము నిలువయుంచి మార్చవలెను.

చిప్ప మెత్తబడినను, కన్నులు వాచి మూసుకొనినను, నీటిలో ఒకప్రక్కకు ఒరిగి తేలుచున్నను, మేత మానినను అది జబ్బు లక్షణము. దిష్టియని నిమ్మకాయ త్రిప్పి కూర్చుండక పశువైద్యునకు చూపవలెను. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాలయే కలదు. ఇతర పట్టణములలోను ప్రభుత్వ పశువైద్యశాలలు కలవు.

మానవుల క్షేమమును మరువరాదు. తాబేళ్ళ దేహముపై సాల్మొనెల్లా యను సూక్ష్మజీవి యుండును. తాబేటికి దానివలన బాధ కనబడదు గాని, మనుష్యులకు, ముఖ్యముగా పసిబిడ్డలకు తీవ్రమైన విరేచనములు, జ్వరము కలిగించును. పసివారు చిన్న తాబేళ్ళను నోట పెట్టుకొని జబ్బుపడుచుండుటచే అమెరికాలో 1975లో నాలుగంగుళములకు తక్కువైన తాబేళ్ళ అమ్మకమునే నిషేధించిరి. కావున తాకిన ప్రతిమారు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. ఐదేండ్లలోపు పిల్లలచేతికి ఈయరాదు. తొట్టినీటిని వంటయింట గాని తులసికోట యొద్ద గాని పోయరాదు.

ఇక మిక్కిలి ముఖ్యమైన విషయము. పెంచి విసిగినవారు, "స్వామి కోనేటిలో వదలెదము, పుణ్యము వచ్చును" అని తలచెదరు. ఆ పని చేయవలదని ప్రార్థించుచున్నాము. ఎర్రచెవుల తాబేలు ప్రపంచమున నూరు హానికర ఆక్రమణజాతులలో ఒకటిగా పరిగణింపబడినది. 2018లో కేరళలోని తిరుచ్చూరు జిల్లా వాగులో ఇది కనబడినప్పుడే అచ్చటి అటవీ పరిశోధకులు హెచ్చరించిరి. ప్రొద్దుటూరు ముక్తిరామేశ్వరము చెంత పెన్నలోనైనను, జమ్మలమడుగు దగ్గరి మైలవరము జలాశయమునైనను, పులివెందుల ప్రాంతపు చిత్రావతి జలాశయమునైనను దీనిని వదలినచో, అచ్చటి మన తాబేళ్ళ మేతను, చోటును ఇది హరించును, రోగములను పంచును. తొట్టిలో పెద్దది పిల్లకు చేసిన అన్యాయమే, అప్పుడు చెరువంతటను జరుగును.

దేవాలయములు ఈ విషయమున ఏమి చేయగలవో తెలుపు ఉదాహరణము అస్సాములో కలదు. బ్రహ్మపుత్ర ప్రాంతపు నల్లని మెత్తచిప్ప తాబేలు అడవులలో అంతరించినదని 2002లో ప్రకటించిరి. కాని హాజో పట్టణమున హయగ్రీవ మాధవస్వామి ఆలయ కోనేటిలో అది భక్తులచే రక్షింపబడి మిగిలియున్నది. అయినను అచ్చట భక్తి యొక్కటియే చాలలేదు. కోనేటి గట్లు గట్టి కట్టడమగుటచే తల్లులకు గ్రుడ్లు పెట్టుటకు ఇసుక చాలదు. ఆలయమువారును, సంరక్షకులును కలిసి గ్రుడ్లను సేకరించి పొదిగించి, పిల్లలను పెద్దవానినుండి వేరుగా పెంచి, 2019లో కొన్నిటిని పోబితొరా అభయారణ్య సమీపపు జలములలో విడిచిరి. పెద్దలను కోనేరు కాపాడినది. పిల్లలను మానవుల ముందుచూపు కాపాడినది.

మన రాష్ట్రమున శ్రీకాకుళము జిల్లా శ్రీకూర్మము కూర్మనాథుడు వెలసిన క్షేత్రము. అచ్చటి ఆలయమున నక్షత్ర తాబేళ్ళను పోషించు సంప్రదాయము కలదు. 2025లో ఆ ఆలయసమీపమున తాబేళ్ళ కళేబరములు కనబడిన వార్త భక్తులందరిని బాధించినది. సాక్షాత్తు కూర్మక్షేత్రమునందే తాబేటి పోషణ నిత్యజాగరూకతను కోరుచుండగా, మన యింటి తొట్టి సంగతి చెప్పవలెనా?

కావున చీటీ వ్రాసిన భక్తునికి, అట్టి సందేహము గలవారందరికి మా మనవి యిది. నేటి రాత్రియే పిల్లను వేరు తొట్టిలోనికి మార్చుడు. రేపటినుండి దాని వయస్సునకు తగిన మేతను పెట్టుడు. ఇంట నున్న పెద్దది మన దేశపు జాతియైనచో అటవీశాఖకు అప్పగింపుడు. ఇక మీదట పిల్లవాడు మరొకదానిని కోరినప్పుడు, కొనియిచ్చుటకు బదులు చెరువుగట్టునకు తీసికొనిపోయి, తన చోటున తానున్న తాబేటిని దూరమునుండి చూపుడు. ఉన్నదానిని కడవరకు పోషించుట భూతయజ్ఞము, లేనిదానిని కోరకుండుట వైరాగ్యము. రెండును గృహస్థునకు సాధ్యములే.

పిల్లలను కనులార చూడకయే వారి క్షేమమునకు వలసిన చోటును ముందుగా ఏర్పరచిన ఆ తల్లి స్మరణశక్తిని, పర్వతమును వీపున దాల్చిన ఆ స్వామి సహనశక్తిని కూర్మనాథుడు మనకందరకు అనుగ్రహించుగాక.

స్వస్తి.